ప్రళయకావేరి దీవిలో ఒక రాత్రి: ప్రయాణ సన్నాహము

మన స్త్రీలు ప్రయాణము చేయుటకు లోకము అంగీకరించిన కారణములు నాలుగైదు మాత్రమే కలవు. పుట్టింటికి పురుటికి పోవుట, బంధువులయింట పెండ్లికి పోవుట, చావునకు పోవుట, తిరుపతికో కాళహస్తికో మ్రొక్కు చెల్లించుటకు పోవుట, వైద్యమునకై వేలూరికో బెంగుళూరికో పోవుట. వీనిలో నొకటియుగాక, కేవలము చూచుటకు, చూచి సంతోషించుటకు ఇల్లాలు ఒక రాత్రి ఇల్లు విడిచి యుందునన్నచో ఇంటివారికి కోపము రాకపోయినను ఆశ్చర్యము మాత్రము తప్పక కలుగును. మా గుడుపల్లెలో నాలుగిండ్లవారికి ఇప్పుడట్టి ఆశ్చర్యమే కలిగియున్నది. రానున్న మాఘమాసములో మేము తొమ్మండుగురము పడవనెక్కి ఒక దీవికి పోయి, అచట గుడారములు వేసికొని ఒక రాత్రి గడపి రావలయునని సంకల్పించితిమి. ఈ సంకల్పము ఎట్లు పుట్టినదో, ఎన్ని ప్రశ్నల కెదురు నిలువవలసివచ్చినదో, వానికి మేమేమి సమాధానములు వెదకుకొంటిమో చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఇట్టి కోరిక గల సోదరీమణులకు ఇది కొంత యుపయోగింపవచ్చును.

మా గుడుపల్లె కుప్పము చెంతనున్న మెట్టప్రాంతపు గ్రామము. చుట్టును రాతిగుట్టలు, వేరుశనగ చేలు, రాగి చేలు, కూరగాయల తోటలు. బెంగుళూరునుండి జోలార్‌పేటకు పోవు రైలుమార్గము మా యూరిమీదుగనే పోవును. ఒకవైపు కన్నడము, ఒకవైపు తమిళము, నడుమ మా తెలుగు. మాకు అన్నియు కలవు గాని నీరు మాత్రము లేదు. పూర్వము దిగుడుబావులలో పిల్లలు నడుమునకు బెండ్లు కట్టుకొని ఈత నేర్చెడివారని మా అత్తగారు చెప్పుదురు. ఇప్పుడా బావులు ఎండిపోయినవి. బోరుబావులు వందల యడుగుల లోతునకు దిగినవి. బోరునీటిలో ఎవ్వరును ఈత నేర్వజాలరు గదా! కావున మా ప్రాంతపు నేటి బాలికలలో పడవనెక్కినవారును, నిండునీటిని చూచినవారును మిక్కిలి అరుదు. ఇందులో వింత యేమనగా, సముద్రతీరమున తమిళదేశములో చేపలు పట్టువారి పల్లెలకు ‘కుప్పము’ అని పేరు. సముద్రమెరుగని మా తాలూకా పట్టణమునకును ఆ పేరే కలిగినది!

మా అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఒకనాడు భూగోళపాఠము వల్లించుచు ‘ద్వీపమనగా నలువైపుల నీరు గల భూమి’ అని చదివెను. నేను చిన్ననాట తండ్రిగారివద్ద అమరమును, కొన్ని పురాణములను చదివినదానను. కావున, ‘తల్లీ, ద్వీపమనగా రెండువైపుల నీరు గలదని శబ్దార్థము. యమునానదిలోని దీవియందు పుట్టినందుననే వ్యాసులవారికి ద్వైపాయనుడని పేరు వచ్చినది. ఆయన తల్లి సత్యవతి ఆ నదిలో పడవ నడిపినది’ అని చెప్పితిని. అమ్మాయి అంతయు విని, ‘అమ్మా, నీవు ఒక దీవినైనను చూచితివా?’ అని యడిగెను. లేదంటిని. ‘పడవ నెక్కితివా?’ అదియు లేదంటిని. ఆమె మరల పుస్తకములోనికి చూచినది గాని ఆ ప్రశ్న నాలో నిలిచిపోయినది. ఎదురింటి వదినగారితో చెప్పగా ఆమెయు నావలెనే ఎన్నడును పడవ నెక్కనిదని తెలిసినది. అంగన్‌వాడీ టీచరమ్మతో అనగా ఆమె వెంటనే ‘ఎప్పుడు పోదము?’ అనినది. నలుగురు స్త్రీలకు ఒక కోరిక కలిగినప్పుడు అది సగము నెరవేరినట్లే యని నా నమ్మకము.

పిమ్మట ఏ దీవికి పోవలయునను విచారణ కలిగెను. మా ఇంటివారు పాఠశాలలో ఉపాధ్యాయులు. పటములు పరచి మాకు మూడు స్థలములు చూపిరి. మొదటిది బెజవాడ చెంత కృష్ణానదిలోని భవానీద్వీపము. అచట యాత్రికులకు వసతిగృహములు కలవు. సౌకర్యమెక్కువ గాని పట్టణమునకు మిక్కిలి సమీపము. రెండవది నాగార్జునకొండ. అది పుట్టుకచే దీవి కాదు. కృష్ణకు అడ్డముగా నాగార్జునసాగరము నిర్మించగా లోయ మునిగి, కొండ శిఖరము దీవియైనది. 1955లో ఆ ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. లోయ మునుగకమునుపే పురావస్తుశాఖవారు అచటి బౌద్ధశిథిలములను త్రవ్వి, ముఖ్యమైనవానిని కొండపైకి తరలించిరి. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకురాజుల రాజధాని విజయపురి అచటనే యుండెను. అచటి శాసనములలో మహాచైత్యమునకు స్తంభములు దానమిచ్చిన చాంతిశ్రీ యొక్కయు, బోధిశ్రీ యను ఉపాసిక యొక్కయు పేర్లు కలవు. రాజులు వైదికయాగములు చేయుచుండగా అంతఃపురస్త్రీలు బౌద్ధవిహారములకు దానములిచ్చిరి. తమ ధనమును తమ యిష్టము చొప్పున వినియోగించిన ఆ స్త్రీలను తలచినప్పుడు నాకు మిక్కిలి గౌరవము కలుగును. ఐనను ఆ దీవిని పగటివేళ చూచి మరలవలసినదే. మా కోరిక రాత్రి యుండవలయునని. అందుచే మూడవదానియందు మా మనస్సు నిలిచినది. అది పులికాటు సరస్సులోని ఇరకము దీవి.

పులికాటు అనుమాట పరదేశీయులు తమిళపు ‘పళవేర్కాడు’ను పలుకలేక చేసికొన్న మాట. మన తెలుగువారు దానిని ప్రళయకావేరి యందురు. స.వెం. రమేశ్ గారు ఆ దీవుల జీవితమునుగూర్చి వ్రాసిన పుస్తకమునకు ‘ప్రళయకావేరి కథలు’ అని పేరుంచిరి. భరతఖండమునందలి ఉప్పునీటి సరస్సులలో ఒడిసాలోని చిలుక మొదటిది, ఇది రెండవది. ఎక్కువ భాగము మన యాంధ్రమునందును, దక్షిణపు భాగము తమిళనాడునందును ఉన్నది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీరు ఇందు చేరును. తూర్పున శ్రీహరికోట యను పొడవైన ఇసుకదీవి అడ్డుగా నిలిచి, సరస్సును బంగాళాఖాతమునుండి వేరుచేయుచున్నది. సముద్రపు పోటునీరు ముఖద్వారములగుండ లోనికి వచ్చుచుండును. వర్షములు కురిసినప్పుడు నీరు తియ్యదనమునకు దగ్గరగును. వేసవిలో ఎండకు ఇగిరి, సముద్రముకంటె ఉప్పనగును. లోతు మిక్కిలి తక్కువ. పెక్కుచోట్ల నిలుచున్న మనుష్యుని నడుమువరకైన రాదు. ఐనను లోతు తక్కువయని నీటిని తేలికగా చూడరాదు. ఈ సంగతి ముందు చెప్పుదును.

ఇరకము ఈ సరస్సు నడుమనున్న దీవి. తడకు సమీపముననున్న భీములవారిపాలెమునుండి పడవపై పోవలెను. సూళ్ళూరుపేట, తడ ప్రాంతములు 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో నుండి, ఆ నెలలో క్రొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినవి. దీవియందు జనులు కాపురమున్నారు. చేపలు, రొయ్యలు పట్టుట వారి ముఖ్యవృత్తి. తెలుగును తమిళమును రెండును మాటాడుదురు. మాకును రెండును అలవాటే గనుక పలుకరింపులకు కొరత యుండదు.

మాఘమాసమును ఎన్నుకొనుటకు కారణము కలదు. ఆశ్వయుజమునుండి మార్గశిరమువరకు ఈశాన్యపు ఋతుపవనములు, వాయుగుండములు ఆ తీరమును పీడించును. వేసవిలో నీరు తగ్గి పడవలు బురదలో కూరుకొనవచ్చును. మాఘమున ఆకాశము నిర్మలముగా నుండును, నీరును చాలును. అన్నిటికంటె ముఖ్యముగా అప్పుడు పక్షులుండును. చలికాలమున వేలకొలది రాజహంసలు ఆ సరస్సునకు వచ్చును. నేడు మనవారు రాజహంస యని పిలుచుచున్న ఈ పక్షి పూర్వకవులు వర్ణించిన హంస కాదని పక్షిశాస్త్రజ్ఞులందురు. ఇది పొడవైన కాళ్ళు, పొడవైన మెడ, వంగిన ముక్కు గల పక్షి. తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, బురదనీటిని నోటిలోనికి పీల్చి, ముక్కు అంచులనున్న జల్లెడవంటి పొరలచే నీటిని వెడలగొట్టి ఆహారమును మాత్రము నిలుపుకొనును. పాలను నీటిని వేరుచేయు హంసనుగూర్చి చదివిన నాకు, నీటిని వడకట్టి తిను పక్షి నిజముగా నున్నదని తెలిసినప్పుడు కలిగిన సంతోషమును ఏమని చెప్పుదును! దాని రెక్కలయందలి గులాబిరంగు పుట్టుకతో వచ్చినది కాదు. అది తిను సూక్ష్మజీవులలోని రంగుపదార్థమే ఈకలకు పట్టును. పిల్లపక్షులు బూడిదవన్నెతో నుండును. సూళ్ళూరుపేటకు చేరువనున్న నేలపట్టులో చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. సమయము చిక్కిన మరలునప్పుడు వానిని గూడ చూడవలెనని మా పిల్లల కోరిక.

పక్షులవలన మాకొక బాధ్యతయు కలిగినది. పులికాటు సరస్సు పక్షులకు అభయస్థానముగా ప్రభుత్వముచే ప్రకటింపబడినది. అటవీశాఖవారి అనుమతి నడుగక మన యిష్టము వచ్చినచోట డేరా వేయుట, మంటలు పెట్టుట, పాటలపెట్టె మ్రోగించుట తగదు. అటులనే దీవియు ఎవరిదియు కాని భూమి కాదు, ఊరివారిది. మన వాకిట ఎవరో పదిమంది చెప్పకుండ వచ్చి పొయ్యి పెట్టినచో మనమూరకుందుమా? కావున మా ఇంటివారు అటవీశాఖకు ఒక విజ్ఞాపన వ్రాసిరి. తమకు తెలిసిన ఉపాధ్యాయునిద్వారా ఊరి పెద్దలకును కబురుపెట్టిరి. రెండుచోట్లను సమ్మతి లభించినగాని రాత్రి యుండరాదనియు, లభింపనిచో పగలు చూచి సాయంకాలము మరలవలెననియు మొదటనే నిశ్చయించుకొంటిమి. జనులులేని ఇసుకదిబ్బపై ఒంటరిగా నుండుటకంటె ఊరి దీపములు కనబడు దూరముననుండుట మేలని స్త్రీలమందరమును ఏకాభిప్రాయమునకు వచ్చితిమి.

ఇక ఇంటిలో జరిగిన వాదము చెప్పవలెను. మా అత్తగారికి డెబ్బది దాటినవి. మాట విన్నంతనే ఆమె, ‘అమ్మాయీ, ఆ దీవిలో ఏ దేవుడున్నాడు?’ అని యడిగిరి. గుడి యున్నదో లేదో తెలియదంటిని. ‘బంధువులెవరైన నున్నారా?’ లేరంటిని. ‘మరి ఎందుకు?’ అనిరి. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ రాత్రి వంటయిల్లు సర్దునప్పుడు, ‘అత్తయ్యగారూ, అరణ్యవాసమునకు పోవు సీతమ్మ గంగను దాటునప్పుడు పడవలో నడుమ నిలిచి, క్షేమముగా మరలివచ్చినచో పూజింతునని గంగకు మ్రొక్కినది గదా. ఆమె పోయినది కష్టమునకు. మేము పోవుచున్నది సుఖమునకు. కష్టమునకు పోవ తగిన ఆడది సుఖమునకు పోవ తగదా?’ అని యడిగితిని. ఆమె ఏమియు పలుకలేదు.

మరునాటి ఉదయము కాఫీ త్రాగుచు, ‘మాఘమాసములో సముద్రపునీట స్నానము చేసిన పుణ్యమందురు. ఆ సరస్సులో సముద్రపునీరు కలియునంటివి గదా?’ అనిరి. కలియునంటిని. ‘అయితే నేనును వచ్చెదను. పుణ్యము నా వంతు, వేడుక మీ వంతు. కాని ఒక షరతు. పడవను మొదట నేను చూచెదను. నేను వద్దన్నచో ఎవ్వరును ఎక్కరాదు. మీ ఆయన చెప్పినను ఎక్కరాదు’ అనిరి. ఇంతకంటె మంచి షరతు మరొకటి లేదని మేమందరము సంతోషముతో ఒప్పుకొంటిమి. అది విని పుంగనూరిలోనున్న ఆమె చెల్లెలు గూడ వచ్చెదనని ఫోను చేయించిరి. భర్త పోయిన నాటినుండి ఆమె ఏ శుభకార్యమునకును పోక, పిలిచినను ఒక మూలనుండుట అలవాటు చేసికొన్నవారు. దీవిలో మూలయుండదు గదా!

పడవ షరతునకు అత్తగారు చెప్పిన కారణమును మీకు చెప్పక తప్పదు. ఆమె వార్తలు విడువక వినువారు. 2011 డిసెంబరు 25వ తేదీన ఈ పులికాటు సరస్సునందే, తమిళనాడు వైపున, విహారమునకు పోయినవారి పడవ తలక్రిందులై 22 మంది మరణించిరి. వారిలో స్త్రీలును పిల్లలును ఉన్నారు. పడవలో మోయదగినదానికంటె ఎక్కువమంది యుండిరి, ప్రాణరక్షక కవచములు లేవు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద గోదావరి వరదలో పాపికొండల పడవ మునిగి ఎన్ని ఇండ్లు చీకటియైనవో మనకందరకును జ్ఞాపకమే. ఈ రెండును తలచి భయపడి ఇంటనుండుట ఒక మార్గము. తలచి జాగ్రత్త నేర్చుకొనుట మరియొక మార్గము. మేము రెండవదానిని ఎన్నుకొని ఈ నియమములు ఏర్పరచుకొంటిమి.

మొదటిది: పడవవాడు ఎంతమందిని మోయుననునో అంతకు ఇద్దరు తక్కువగానే ఎక్కవలెను. మేము తొమ్మండుగురము, సామానులు వేరు. అవసరమైనచో రెండు పడవలు. రెండవది: ఒడ్డుననే ప్రతి ఒక్కరును లైఫ్ జాకెట్టు తొడుగవలెను. పడవలో ప్రక్కనపెట్టుకొని కూర్చుండుట వ్యర్థము. పిల్లవానికి పెద్దల జాకెట్టు పనికిరాదు. నీటిలో అది తలమీదుగ జారిపోవును. తొడిగి కట్లు బిగించిన పిమ్మట భుజములవద్ద పట్టి పైకి లాగి చూడవలెను. గడ్డముపైకి వచ్చినచో వదులని తెలియవలెను. అచట పిల్లలకు తగినవి దొరకునో లేదోయని మా అబ్బాయికొరకు ఒకటి కొని యుంచితిమి. మూడవది: మధ్యాహ్నము దాటిన సముద్రపుగాలి బలపడును గాన పోవుటయు వచ్చుటయు మధ్యాహ్నమునకు ముందే జరుగవలెను. నాలుగవది: పక్షులు కనబడినవని అందరును ఒకవైపునకు లేవరాదు. పడవలు తలక్రిందులగుటకు ఇది ముఖ్యకారణము. ఐదవది: వాతావరణశాఖవారు జాలరులను వేటకు పోవలదని హెచ్చరించిన దినమున మేమును పోరాదు. రైలుకు, బస్సుకు పెట్టిన సొమ్ము పోయినను సరే, తడనుండియే మరలి వచ్చుటకు సిగ్గుపడరాదు.

ఉడుపులనుగూర్చి చాల చర్చ జరిగినది. ఆరుగజముల చీర తడిసినచో బరువై కాళ్ళకు చుట్టుకొనును. ఈత వచ్చినవారికే అది ప్రమాదము, రానివారి మాట చెప్పనక్కరలేదు. పడవ నెక్కునప్పుడు మాత్రము అందరును చుడీదారు తొడుగవలెనని టీచరమ్మ ప్రతిపాదించినది. నేనెన్నడును తొడగలేదనియు, ఈ వయసున పిల్లలు నవ్వుదురనియు వదినగారు సంకోచించిరి. అత్తగారు నవ్వి, ‘చిన్నప్పుడు చెరువుక్రింద నాట్లు వేయునప్పుడు మేమందరము చీర ఎగగట్టి కచ్చ పోసినవారమే. అప్పుడెవ్వరు నవ్విరి? నేను కచ్చ పోసికొందును. మీరు మీ యిష్టము’ అనిరి. దానితో చర్చ ముగిసినది.

త్రాగునీరు మాకు పెద్ద లెక్క. దీవిచుట్టును నీరే గాని గ్రుక్కెడు పనికిరాదు. ఊరివారి మంచినీటిని మేము పోయి తగ్గింపరాదు. మనిషికి ఒక పగలు ఒక రాత్రికి ఐదు లీటర్ల వంతున తొమ్మండుగురకు నలువదియైదు, వంటకు పది, చేతిలో మిగులుటకు ఐదు. మొత్తము అరువది లీటర్లు. ఇరువది లీటర్ల డబ్బాలు మూడు తడలో కొని పడవలో నుంచవలెను. నీరు కరవైన సీమలో పుట్టిన మాకు చెంబెడు నీటితో కాళ్ళు కడుగుకొను విద్య క్రొత్తగా నేర్వనక్కరలేదు.

ఆహారము విషయమున పొయ్యిపని తగ్గించుటయే మా సూత్రము. అచట వంట చేసి గిన్నెలు తోముటకే పోవునట్లయిన మన వంటయిల్లేమి తక్కువ? మొదటిపూటకు పులిహోర కట్టుకొనవలెను. అది చెడదు. సాయంకాలము చిన్న గ్యాసుపొయ్యిపై సంగటి కెలుకుదుము. అది లేనిదే మా ఊరివారికి భోజనమైనట్లుండదు. తోడుగా ఊరిబిండి, పచ్చిపులుసు. చిరుతిండికి నిప్పట్లు, బొరుగులు, వేయించిన వేరుశనగలు, బెల్లము. ఉదయమునకు అటుకులు. కట్టెల మంట వేయరాదు. ఇసుకదీవులలో చెట్టు పెరుగుట కష్టము, నరుకుట సులభము. ఆకులు, పొట్లములు, ప్లాస్టికు సంచులు లెక్కించి తీసికొనిపోయి, లెక్కించి తిరిగి తీసికొనిరావలెను. ఈ లెక్క మా అబ్బాయికి అప్పగించితిమి. ఎనిమిదేండ్లవాడు లెక్కలో పెద్దలకంటె కఠినుడు.

గుడారములు రెండు. ఒకటి పాఠశాల స్కౌట్లది, ఒకటి టీచరమ్మ తమ్మునిది. ఇసుకలో డేరామేకులు నిలువవు. గాలికి ఊడివచ్చును. ఖాళీసంచులలో ఇసుక నింపి, మేకులకు బదులు త్రాళ్ళను వానికి కట్టి, మూరెడు లోతున పూడ్చవలెను. ఈ యుపాయమును మా ఇంటివారు పిల్లలచే పెరటిలో ఇసుకకుప్పపై ముందుగా చేయించి చూచిరి. నలుగురు లాగినను కదలలేదు.

పురుషులు వ్రాయు యాత్రావ్యాసములలో కానరాని ఒక విషయమును ఇచట వ్రాయకుండిన నా కర్తవ్యము తీరదు. బహిర్భూమికి మరుగు వలయును. పాతదుప్పట్లు నాలుగు, వెదురుకఱ్ఱలు నాలుగు, ఒక చిన్న పార. నీటియంచునకు దూరముగా లోతుగా త్రవ్వి, పిదప పూడ్చవలెను. రాత్రి ఏ స్త్రీయు ఒంటరిగా పోరాదు. ఇద్దరును దీపమును ఉండవలెను. ఇసుకమీద చెప్పులు లేక నడువరాదు. పాము కరచినచో కోయుట, బిగించి కట్టుట చేయక, కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. అందుకై రాత్రికూడ పడవ సిద్ధముగా నుండునట్లు ముందే మాటాడుకొనవలెను. మాసధర్మము ఆ దినములలో వచ్చినచో ఏమి చేయుదమని ఆడపిల్లలు మెల్లగా అడిగిరి. పినత్తగారు ఒక్కమాటలో, ‘వచ్చిన రానిండు. కావలసినవి సంచిలో పెట్టుకొనుడు. ఆ కారణముచే ఎవ్వరిని విడిచిపోము’ అని చెప్పిరి. జీవితమంతయు మడి పాటించిన ఆమె నోట ఆ మాట విని మేము ఒకరి ముఖమొకరు చూచుకొంటిమి.

అన్నిటికంటె కష్టమైన యనుమతి ఎదురింటి వదినగారి కుమార్తెది. ఆమెయు మా అమ్మాయి తరగతియే. ‘వయసు వచ్చిన పిల్ల రాత్రి పరాయిచోట నుండుట నాకిష్టము లేదు’ అని తండ్రిగారు ఖండితముగా పలికిరి. ఆయన చెడ్డవారు కారు, భయపడినవారు. భయపడినవారిని పరిహసించి ప్రయోజనము లేదు. వదినగారు మూడుదినములు ఊరకుండి, నాలుగవదినమున ఒక కాగితముపై మా ప్రయాణపు వివరమంతయు వ్రాసి ఆయన ముందుంచిరి. ఏ రైలు, ఏ బస్సు, ఎచట బస, పడవ ఎప్పుడు, ఎవరి ఫోను, రాత్రి ఎవరు ఎప్పుడు మేలుకొని యుందురు, అన్నియు అందున్నవి. ఆయన రెండుమారులు చదివి, ‘ఇంత లెక్కతో మేమే పనియు చేయలేదు’ అని, రాత్రి తొమ్మిదింటికిని ఉదయము ఆరింటికిని ఫోను చేయవలెనను నియమముపై అంగీకరించిరి. పిల్లకు ఆ రాత్రి నిద్ర పట్టలేదట.

దారి యిట్లు. శుక్రవారము మధ్యాహ్నము కుప్పములో రైలెక్కి కాట్పాడికి, అచటనుండి చిత్తూరు, పాకాల మీదుగ తిరుపతికి. రాత్రి బస అచట. తెల్లవారుజామున బస్సులో కాళహస్తి, నాయుడుపేట మీదుగ సూళ్ళూరుపేటకు. కాళంగి యొడ్డున చెంగాళమ్మ గుడి కలదు. రాకెట్టు ప్రయోగములకు ముందు శాస్త్రజ్ఞులు గూడ ఆ తల్లిని దర్శింతురని ప్రసిద్ధి. సరస్సునకు ఆవలివైపు శ్రీహరికోటనుండియే 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది, 2023 జూలై 14న చంద్రయానము–3 బయలుదేరినది. అమ్మవారికి దండము పెట్టి, తడకు పోయి, మధ్యాహ్నమునకు ముందు పడవ నెక్కవలెను. ఆదివారము ఉదయము మాఘస్నానము, పక్షిదర్శనము, మరల పడవ.

ఖర్చునకై మేము నాలుగిండ్ల స్త్రీలము ఆషాఢమునుండి పుష్యమువరకు ఏడునెలలు నెలకు 500 రూపాయల వంతున కూడబెట్టుచున్నాము. మొత్తము 14,000 రూపాయలు. ఇది ఇంటిఖర్చులలో మిగిల్చినదే గాని ఎవరిని అడిగినది కాదు. మేము లేని మూడుదినములు ఇండ్లలోనుండు పురుషులు వంట చేసికొందురు. ఎదురింటి అన్నగారు చారు పెట్టుట అప్పుడే మొదలుపెట్టిరి. మొన్న ఒక గిన్నెడు మాకును పంపిరి. ఉప్పు కొంచెమెక్కువైనను ప్రయత్నము మెచ్చదగినది.

సోదరీమణులారా, దూరదేశములకు పోవుటకు మనలో చాలమందికి ధనము లేదు, తీరిక లేదు. ఐనను ప్రతిజిల్లాకును సమీపమున ఒక కొండయో, ఒక నదియో, ఒక దీవియో యుండును. కావలసినది ఒక కాగితము, ఒక కలము, నలుగురు తోడు, ఇంటి పెద్దలకు ఓపికతో చెప్పు నేర్పు. అటవీశాఖవారి సమ్మతిపత్రము నిన్ననే వచ్చినది. ఊరి పెద్దలును రమ్మనిరి. అత్తగారు తన కచ్చచీరను బయటకు తీసి ఎండలో వేసిరి. పిల్లలు గోడమీది పంచాంగములో మాఘపూర్ణిమకు ముందున్న శని ఆదివారములచుట్టు ఎఱ్ఱగీత గీసిరి. గాలి యనుకూలించి, పడవ మా అత్తగారి పరీక్షలో నెగ్గినచో మేము పోయివచ్చెదము.